గిరినాగు గూటికి కావలి

అనకాపల్లి పేరు చెప్పగానే తెలుగువారికి బెల్లము జ్ఞప్తికి వచ్చును. శారదానదీ తీరమున పండిన చెఱకు గానుగాడి, పెనములలో కాగి, దిమ్మలై అచటి అంగడికి చేరును. 1913వ సంవత్సరముననే అచట చెఱకు పరిశోధనా క్షేత్రము వెలసినది. అయితే ఆ బెల్లపు దిమ్మ వెనుక ఒక భయము దాగియున్నదని దానిని కొనువారెఱుగరు. మనిషి ఎత్తు దాటిన చెఱకుతోటలో పట్టపగలును మసక చీకటియే. ఎండిన ఆకులు నేలపై మందముగా పఱచుకొనియుండును. ఆకుల క్రింద ఎలుకలు కాపురముండును. ఎలుకలున్న చోటికి పాము రాక మానదు. చెఱకు నఱకుటకు వంగిన కూలివాని చేయి ఏ పామునకు తగులునో యన్నదే ఆ భయము.

ఇది ఉత్తుత్తి భయము కాదు. 2000 నుండి 2019 వరకు గల ఇరువది సంవత్సరములలో మన దేశమున సుమారు 12 లక్షల మంది పాముకాటు వలన మరణించిరని, అనగా ఏటేట సగటున 58,000 మందియని, పరిశోధకులు 2020లో లెక్క కట్టిరి. ఆ మృతులలో అధికులు పల్లెవారు. సగము మరణములు వానకాలమునందే సంభవించినవి. దున్నువాడు, నాటువాడు, కలుపు తీయునది, రాత్రివేళ నీరు కట్టువాడు, వీరే పాముకాటునకు గుఱియగువారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని లోకము నిర్లక్ష్యము చేసిన వ్యాధుల పట్టికలో చేర్చినది. కావున పల్లెవాడు పామును చూచి కఱ్ఱకై పరుగెత్తుట తప్పని మిద్దెపై కూర్చుండి తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఆ పల్లెవాడే దీపావళి వెళ్లిన నాలుగవనాడు నాగులచవితి చేయును. ఇల్లాలు తలస్నానము చేసి, చలిమిడి, చిమ్మిలి, పాలు పళ్లెరమున పెట్టుకొని పుట్టకడకు పోవును. పిల్లలకు నాగన్న, నాగమ్మ, నాగరత్నము అని పేర్లు పెట్టుకొనును. పాము పాలు త్రాగదు, అది మాంసాహారి. పాములవాని బుట్టలోని నాగుపాము పాలకు మూతి పెట్టినచో, అది దినముల తరబడి నీరు లేక దప్పిగొని యున్నదని తెలియవలెను. కాని యా ఇల్లాలి మనసులోని భక్తి నిజమైనదే. చిత్రమేమనగా, చవితినాడు మ్రొక్కిన చేయియే పంచమినాడు కఱ్ఱ పట్టును. భక్తికిని భయమునకును నడుమ ఉండవలసినది ఒకటి లోపించినది. అదియే ఎఱుక.

ఆ ఎఱుకను సంపాదింపవలెనని మొట్టమొదట పూనుకొన్నవారిలో ఒకడు అనకాపల్లికి ముప్పది, నలువది కిలోమీటర్ల దూరమున విశాఖపట్టణముననే నివసించెను. ఆయన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు. సోదరుడు విశాఖలో కుంఫిణీ అధికారి కాగా, 1781లో ఆయన వెంట ఈ దేశమునకు వచ్చెను. 1785లో కుంఫిణీవారు రస్సెలును తమ ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించిరి. పాముకాటున చచ్చువారిని చూచి ఆయన ఒక చిన్న ప్రశ్న వేసికొనెను. ఏ పాము విషముగలది, ఏది కాదు? ఈ సంగతి సామాన్యునకు తెలిసినచో వాని భయము సగము తగ్గదా? ఆయన కోరమండల తీరపు పాములను తెప్పించి, బొమ్మలు వ్రాయించి, రంగులు వేయించి, 1796లో ఒక గొప్ప గ్రంథము ప్రకటించెను. అందు పాములకు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే వ్రాసికొనెను. నేడు రక్తపింజర యని మనమనుదానికి ఆయన విన్న పేరు 'కాటుక రేకుల పొడ'. ఆ పాము నేడు శాస్త్రలోకమున రస్సెల్ పేరనే చెలామణి యగుచున్నది. పసుపు నలుపు పట్టెలుగల యొక కట్లపామును ఆయన 'బంగారు పాము' అని వ్రాసికొనెను. 1803లో డాడిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానినిబట్టియే కట్లపాముల కుటుంబమునకంతకు 'బంగారస్' అని పేరిడెను. పేరు లేని మన పూర్వులెవరో ఒకరు పామును దగ్గఱగా చూచి, తేడా తెలిసికొని, దానికొక పేరు పెట్టిరి. ఆ పేరు నేడు ప్రపంచమంతట పలుకబడుచున్నది.

రస్సెల్ వేసిన ప్రశ్నకు జవాబు నేడు తెలిసియేయున్నది. మన దేశమున అత్యధిక మరణములకు కారణము నాలుగు పాములు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాల్గింటి విషమునకు విరుగుడు మందు ఆస్పత్రులలో కలదు. పొలములలో తఱచు కనబడు జెఱ్ఱిపోతు, చెఱువులలోని నీరుకట్టె మనిషి ప్రాణమునకు హాని చేయునవి కావు. అయినను నాగుపామని భ్రమపడి ఎన్నియో జెఱ్ఱిపోతులను చంపుచున్నారు. చెఱకుతోటలో జెఱ్ఱిపోతును చంపిన రైతు తన ఎలుకల కావలివానిని తానే చంపుకొన్నవాడగును.

ఇట్టి ఎఱుకను పంచుటకై కొందఱు కలిసి సంఘములుగా ఏర్పడుదురు. పాము, బల్లి, తాబేలు, మొసలి వంటివి సరీసృపములు. నీటను నేలను బ్రతుకు కప్పలు ఉభయచరములు. వీనియందు ఆసక్తి గలవారు ఇంగ్లండులో 1947లోనే ఒక సంఘమును స్థాపించుకొనిరి. అందమైన పక్షిని, ఠీవిగల పులిని ప్రేమించుటకు ఎవరైనను ముందుకు వత్తురు. పామును, కప్పను తలచుకొనువారు కొలదిమందియే. కప్పయు తక్కువ మేలు చేయునది కాదు. వరిమడిలో రాత్రియంతయు పురుగులను తినుచు అది రైతునకు కూలి లేని పని చేయును. ఒకప్పుడు మన దేశమునుండి కప్పకాళ్లు విదేశముల విందులకై ఓడలెక్కినవి. ఆ ఎగుమతిని 1987లో ప్రభుత్వము నిషేధించినది.

దక్షిణ దేశమున ఈ ఉద్యమమునకు మార్గము చూపినది చెన్నపట్టణము. రోములస్ విటేకర్ అను నాయన అచట పాముల ఉద్యానమును నెలకొల్పెను. ఆ ప్రాంతమున ఇరుళులను గిరిజనులు తరతరములుగా పాములను పట్టుటయందు ఆఱితేఱినవారు. పాముతోళ్ల వ్యాపారమే వారికి కూడు పెట్టుచుండెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1976లో పాముతోళ్ల ఎగుమతి నిలిచిపోయినది. చట్టము పామును కాపాడినది, కాని పాము పట్టువాని పొయ్యి ఆరిపోయినది. అప్పుడు, 1978లో, విటేకరును ఇరుళులును కలిసి ఒక సహకార సంఘమును స్థాపించిరి. వారు ప్రభుత్వ అనుమతితో పాములను పట్టి, విషము తీసి, మరల అడవిలో విడిచిపెట్టుదురు. ఆ విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱములకెక్కించి, వాని రక్తమునుండి విరుగుడు మందు తయారుచేయుదురు. ఒకనాడు తోలుకై పామును చంపిన చేతులే నేడు మనుష్యుల ప్రాణములు నిలుపుచున్నవి. ఆ ఇరుళులలో ఇద్దఱు, వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనువారు, 2017లో అమెరికా పోయి ఫ్లోరిడాలో కొండచిలువలను పట్టుటకు తోడ్పడిరి. 2023లో పద్మశ్రీ బిరుదమందిరి.

తెలుగుదేశమునకు వచ్చినచో, హైదరాబాదున 1995లో 'ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ' యను సంఘము వెలసినది. ఇండ్లలోనికి పాములు వచ్చినపుడు కబురందగనే పోయి, వానిని పట్టి అడవులలో విడుచుట వారి పని. విశాఖపట్టణమున కంటిమహంతి మూర్తిగారు స్థాపించిన 'ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ' అటవీశాఖవారితో కలిసి తూర్పు కనుమలయందలి గిరినాగును కాపాడుటకు కృషి చేయుచున్నది. ఆ కృషికి ముఖ్య రంగస్థలములలో ఒకటి అనకాపల్లి జిల్లాలోని మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి మండలముల కొండవాలు ప్రాంతము.

గిరినాగు సామాన్యమైన పాము కాదు. ప్రపంచమందలి విషసర్పములన్నిటిలోను పొడవైనది ఇదియే. పదునెనిమిది అడుగుల వరకు పెరుగగలదు. పడగ విప్పి, శరీరమున మూడవవంతు పైకెత్తి నిలిచినచో మనిషి గుండె ఆగినంత పనియగును. ఎలుకలను, కప్పలను విడిచి ఇది ముఖ్యముగా పాములనే తినును. జెఱ్ఱిపోతును, నాగుపామును, కట్లపామును మ్రింగును. 1836లో కాంటర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను. ఆసియా ఖండమంతట ఉన్నది ఒక్కటే జాతియని చాలకాలము తలచిరి. 2024లో పరిశోధకులు అవి నాలుగు జాతులని తేల్చిరి. పడమటి కనుమల గిరినాగు వేఱు, తూర్పు కనుమల గిరినాగు వేఱు. ఇచటివి నశించినచో అచటివానిని తెచ్చి కొఱత తీర్చుకొనుటకు వీలులేదన్నమాట.

దీని గొప్పతనము పొడవునందు లేదు, గూటియందున్నది. గూడు కట్టు పాము లోకమున ఇదియొక్కటియే. వేసవి ముదురుచుండగా ఆడపాము తన దేహపు చుట్టలతోనే రాలిన ఆకులను, వెదురు రెమ్మలను పోగుచేసి కుప్పవేయును. దానికి చేతులు లేవు, కాళ్లు లేవు. అయినను ఆ కుప్ప వానకు లోపల తడియనంత దట్టముగానుండును. అందు ఇరువది మొదలు నలువది వఱకు గ్రుడ్లు పెట్టి, రెండు మూడు నెలలు కావలియుండును. పిల్లలు బయటపడుటకు కొలది దినముల ముందు తల్లి గూటిని విడిచి పోవును. ఆకలితోనున్న తాను తన పిల్లలనే తినునేమోనని ప్రకృతి చేసిన యేర్పాటు కావచ్చునని కొందఱి ఊహ. పుట్టుకతోనే విషముగల యా పిల్లలు తమ దారి తామే చూచుకొనును.

ఆ గూడు నట్టడవిలోనున్నచో ఎవరికిని చిక్కులేదు. కాని కొండవాలులలో నేడు అడవికిని తోటకును నడుమ గీత చెరగిపోయినది. జీడితోట చివర వెదురుపొద, దాని ప్రక్కనే ఊరి దారి. గూడు అచటనే వెలయును. అప్పుడు సంఘమువారు రైతు గుమ్మము ముందు నిలువవలసివచ్చును. ఇట్టి మాటలు ఆ పల్లెలలో ఎన్ని గుమ్మముల ముందు జరిగియుండునో!

"బాబూ! పట్టణమునుండి వచ్చి పామును చంపవద్దనుచున్నారు. రాత్రివేళ మా మనుమడు నీరు కట్టుటకు గట్టుమీద నడచును. వానికి కాటు పడినచో మీ సంఘము బ్రతికించునా?" అని ముసలిరైతు అడుగును.

"తాతా! బ్రతికింతుమని నేను అబద్ధమాడలేను. మన దేశమున తయారగు మందు ఈ పాము విషమునకు పనిచేయదు. దీనికి తగిన మందు థాయిలాండులో తయారగుచున్నది. అందుచేతనే దాని జోలికి పోవద్దనుచున్నాను. దారి విడిచినచో తన దారిన తాను పోవును. పదిమంది కఱ్ఱలతో చుట్టుముట్టినపుడే మీదికి వచ్చును. అది మనుష్యులను కఱచుట మిక్కిలి అరుదు. గట్టుమీద మీ మనుమనికి అసలు ముప్పు నాగుపాముతో, కట్లపాముతో. వానిని తిని బ్రతుకునది ఇదియే."

"మాట బాగుగనే యున్నది నాయనా. కాని గూడు నా తోటలోనున్నదే! మూడు నెలలు తోటకు పోక తినుటెట్లు?"

"తోటంతయు విడువనక్కఱలేదు తాతా. గూటి చుట్టు కొంత మేర విడిచిన చాలును. అచట గుఱుతు పెట్టెదము. అటవీశాఖవారును మేమును వచ్చి చూచుచుండెదము. పిల్లలు వెలువడిన వెంటనే అడవిలో విడిచెదము."

ముసలిరైతు వెంటనే తల యూపడు. యూపవలసిన పనియు లేదు. సాహసము చేయువాడు ఆయన. సలహా చెప్పువాడు సాయంకాలమునకు పట్టణమునకు తిరిగిపోవును. ఈ సంగతిని మఱచిన సంఘము పల్లెలో నిలువలేదు. కావున ఒక్కనాటి ఉపన్యాసముతో ఈ పని ముగియదు. సంఘమువారు మరల మరల పోవలెను, బడిపిల్లలకు బొమ్మలు చూపవలెను, పెద్దల ప్రశ్నలకు ఓపికతో జవాబు చెప్పవలెను. పాము పట్టుట గడియ పని. మనసు మార్చుట సంవత్సరముల పని.

ఆ పని వృథా కాలేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి జిల్లా ఏర్పడినది. మే నెల ఆరంభమున, మాడుగుల ప్రాంతమున ఘాట్‌రోడ్డు దగ్గఱి ఆయిల్‌పామ్ తోటలో సుమారు 13 అడుగుల గిరినాగు కనబడినది. ఆ పొడవుగల పామును చూచి భయపడనివాడెవడు? అయినను రైతు కఱ్ఱ తీయక కబురు పంపెను. సంఘమునకు చెందిన పాములు పట్టు నేర్పరి వచ్చి, దానిని పట్టి, వంట్లమామిడి అడవిలో విడిచిపెట్టెను. పత్రికలు పాము పొడవును పెద్ద అక్షరములతో ప్రకటించినవి. కాని ఆనాటి అసలు వింత పాము పొడవు కాదు, రైతు నిగ్రహము.

పాములపై ఆసక్తి యను పేర జరుగు ఆగడములును లేకపోలేదు. పామును మెడలో వేసికొని ఫోటోలు తీయించుకొనువారు, జనము చప్పట్లకై దాని తోక పట్టి ఆడించువారు సంఘసేవకులు కారు. వారు తమకును, చూచిన పిల్లలకును ప్రాణాపాయము తెచ్చువారు. 'రెండుతలల పాము' లక్షలు పలుకునని నమ్మి దొంగచాటుగా అమ్మజూచి చెఱసాల పాలైనవారును కలరు. ఆ పామునకు రెండు తలలు లేవు. మొద్దుబాఱిన తోకయే రెండవ తలవలె కనబడును. నిజమైన సంఘమునకు నియమము వేఱు. శిక్షణ లేనివాడు పామును తాకరాదు. పట్టిన పామును ప్రదర్శింపరాదు. అటవీశాఖకు తెలియకుండ ఏ పనియు చేయరాదు.

బాలలకు మాత్రము ఈ సంఘములు పామును పట్టుమని చెప్పవు. కనులు తెఱచుకొని నడువుమని చెప్పును. రాత్రివేళ దీపము లేక అడుగు పెట్టరాదు. గడ్డివామిలో, కట్టెలమోపులో చూడక చేయి దూర్పరాదు. నేలపై పరుండువారు దోమతెర కట్టుకొనవలెను. ఇంటిచుట్టు ఎలుకలకు తావీయరాదు. కాటు పడినచో కోయుట, పీల్చుట, త్రాటితో బిగించికట్టుట కూడదు. కాటుపడినవానిని నడువనీయక, ఆ అవయవమును కదలనీయక, మంత్రగాని కొఱకు గడియయైనను పోగొట్టక, తిన్నగా ఆస్పత్రికి చేర్పవలెను. ఇందు ప్రతి మాటయు మనిషి ప్రాణమును కాపాడును. మనిషి నిర్భయుడైనచోట పామును బ్రతుకును. రెండు ప్రాణములకును రక్ష ఒక్కటే.

తొలకరి వానలు పడి, మాడుగుల కొండలపై మబ్బులు దిగునపుడు, ఏదో యొక జీడితోట అంచున ఆకుల కుప్ప ఒకటి నిలిచియుండును. తల్లి అప్పటికే వెడలిపోయియుండును. గ్రుడ్లలో పిల్లలు మెదలుచుండును. పిల్లలు వెలికి వచ్చు ఆ కొలది దినములలో గూటికి కావలి యెవరు? తల్లి లేదు, సంఘమువారు వత్తురు, పోవుదురు. గుఱుతు పెట్టిన మేర దాటక, పసులను అటు తోలక, మనుమని చేయిపట్టి దూరమునుండి ఆ కుప్పను చూపి, "అటు పోకురా నాయనా! అది గిరినాగు గూడు" అని చెప్పు ముసలిరైతే దానికి కావలి.